టీకా - తాత్పర్యం

'టీకా' అన్న మాట మన జీవితంలో రెండుసార్లు ఎదురవుతుంది. బడిలో పద్యం చదువుకున్న ప్రతివాళ్ళకీ టీకా తాత్పర్యాల సంగతి తెలుసు. ఒక్కొక్క మాటకూ అర్థం విడమరిచి చెప్పేది టీకా. అంతా కలిపి కవిగారి మనసులో వున్నది ఇదీ అని తేల్చేది తాత్పర్యం. ఇక రెండో టీకా మన ఎడమ భుజం మీద గుండ్రటి మచ్చగా వుండిపోయింది. మొదటిది సంస్కృతం నుంచి వస్తే, రెండోది ఉత్తరాదివాళ్ళ బొట్టు నుంచి వచ్చిందంటారు. పుట్టిళ్ళు వేరైనా పేర్లొకటే. పిల్లలు తప్పించుకుందామని చూసేదీ ఈ రెండింటినే!

ఈ రెండు టీకాలూ ఒకేచోట కలుసుకునే పుస్తకం ఒకటుంది. అది వైద్య విద్యార్థులు చదివే ఇమ్యునాలజీ పుస్తకం. ఒంటికి రోగాన్ని ఎదిరించే శక్తి ఎలా వస్తుందో, ఒక్కోసారి ఆ శక్తే మనమీద ఎందుకు తిరగబడుతుందో చెప్పే శాస్త్రం అది. "అమ్మయ్యో, అంత పెద్ద సంగతులు మాకెందుకమ్మా?" అని పేజీ తిప్పేయకండి. ఆ శాస్త్రానికి ముడిసరుకంతా మన ఇళ్ళలోదే. పసిపాప మొదటి పాల దగ్గర్నుంచి తాతగారి కీళ్ళనొప్పుల దాకా అన్నీ అందులోవే. పైగా ఆ పుస్తకం కథలో మన వనపర్తి సంస్థానానికీ ఒక వాటా వుంది.

పాలమూరు వైపు ఇప్పుడు ఈ ప్రశ్న ఇంటింటి ప్రశ్న అవుతోంది. 2016 అక్టోబరులో జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు వేరు జిల్లాలయ్యాయి. అదే ఏడు మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. 2022 నవంబరు 15న తెలంగాణాలో ఒకేరోజు ఎనిమిది వైద్య కళాశాలలు ప్రారంభిస్తే వాటిలో వనపర్తిదొకటి, నాగర్‌కర్నూలుదొకటి. గద్వాల కళాశాలకు 2024లో అనుమతి వచ్చింది. ఒకప్పుడు పాలమూరు అంటే వలసబస్సులే గుర్తొచ్చేవి. బొంబాయి, పూనా అంటూ పని వెతుక్కుంటూ మనుషులు వెళ్ళిపోయే నేల అది. ఆ నేలమీద తెల్లకోటు వేసుకున్న ఆడపిల్లలు పుస్తకాలు గుండెకి హత్తుకుని నడుస్తుంటే చూడ్డానికి ఎంత బావుంటుంది! అయితే ఆ గుండెకి హత్తుకున్న పుస్తకం ఏది అన్నదే ప్రశ్న.

చీర ఎంచుకోవడం మనకి ఒకరు నేర్పాలా? గద్వాల చీర సంగతే తీసుకోండి. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండింటినీ కలిపే కుప్పడం నేత సరిగా లేకపోతే నూలు నూలే, పట్టు పట్టే, చీర మాత్రం చీర కాదు. పాఠ్యపుస్తకమూ అంతే. రోజూ కట్టుకోవడానికి నూలులాంటి వివరణ కావాలి. పరీక్షనాడు మెరవడానికి పట్టంచులాంటి పట్టికలూ బొమ్మలూ కావాలి. ఆ రెండూ అతుక్కోవాలి. ఉత్త పట్టంచు కొనుక్కునేవాళ్ళూ వుంటారు. వాటినే గైడ్లు అంటారు!

ముందు ఆ శాస్త్రం పేరు చూద్దాం. ఇమ్యునిటీ అన్న మాట లాటిన్‌లో 'ఇమ్యూనిస్' నుంచి వచ్చింది. ఆ మాటకీ రోగానికీ మొదట్లో సంబంధమే లేదు. రోమునగరంలో పన్నులూ వెట్టిచాకిరీ లేకుండా మినహాయింపు పొందినవాణ్ణి అలా అనేవారట. సంస్థానాల సీమలో పుట్టినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. దాన్నే మనం సర్వమాన్యం అన్నాం, ఇనాం అన్నాం. గద్వాలకి 'విద్వద్గద్వాల' అన్న పేరు వూరికే రాలేదు. కవులూ పండితులూ వచ్చి సంభావనలు అందుకున్న ఊరు అది. తిరుపతి వేంకట కవులు గద్వాలా వనపర్తీ తిరిగి అవధానాలు చేసినవాళ్ళే. మాన్యం పొందిన పండితుడి గుమ్మంలోకి పన్ను వసూలుకి వచ్చే అమీను ఎలా అడుగుపెట్టడో, ఒకసారి తట్టు పోసిన పిల్లవాడి గుమ్మంలోకి తట్టు మళ్ళీ అలాగే అడుగుపెట్టదు. పిల్లవాడి ఒంటికి దాని మీద సర్వమాన్యం దొరికిందన్నమాట.

ఈ సంగతి డాక్టర్లు పుట్టకముందే ఆడవాళ్ళు కనిపెట్టారు. ఇంట్లో ఎవరికైనా అమ్మవారు పోస్తే, చిన్నప్పుడు అమ్మవారు పోసి బతికిబట్టకట్టిన ముసలమ్మనే దగ్గర కూర్చోబెట్టేవారు. వేపాకు విసరడం, మజ్జిగన్నం పెట్టడం అంతా ఆవిడ చేతిమీదుగానే. ఆవిణ్ణి అమ్మవారు ఇంకేం చెయ్యదని నమ్మకం. ఆ నమ్మకంలో శాస్త్రం వుంది. క్రీస్తుకు పూర్వం 430లో ఏథెన్సు పట్నంలో పెద్ద మహమ్మారి వస్తే, థ్యుసిడిడీస్ అనే చరిత్రకారుడు సరిగ్గా ఇదే రాసిపెట్టాడు. జబ్బుచేసి కోలుకున్నవాళ్ళు మళ్ళీ ఆ జబ్బుతో చావరనీ, రోగులకి వాళ్ళే పరిచర్యలు చేశారనీ ఆయన రాశాడు. మన ముసలమ్మలు రాసిపెట్టలేదు, అంతే తేడా.

1796లో జెన్నర్ దొర ఇంగ్లండులో ఆవు మశూచి రసాన్ని ఒక పిల్లవాడి చేతికి ఎక్కించాడు. ఆరేళ్ళు తిరిగేసరికి, 1802 జూన్ 14న, అది బొంబాయి చేరి మూడేళ్ళ పాప ఎన్నా డస్ట్‌హాల్ చేతిమీద పడింది. మనదేశంలో మొట్టమొదటి టీకా ఆ పసిదానిదే. అక్కణ్ణుంచి మశూచి మన దేశాన్ని వదలడానికి 1975 దాకా పట్టింది. 1980లో భూమ్మీదే లేదని ప్రకటించారు. ఇక మన భుజం మీది మచ్చ క్షయకు వేసే బి.సి.జి. టీకాది. ఆ టీకాను భారతదేశంలో మొదట వేసిన ఊళ్ళలో మన మదనపల్లె ఒకటి, 1948లో. అక్కడి శానిటోరియంలో మొదలైన పని ఇవాళ ప్రతి బాలింత గది దాకా వచ్చింది.

ముర్రుపాల సంగతి ఇంకా ముచ్చటైనది. ఆవు ఈనితే ముర్రుపాలతో జున్ను వండుకుని పక్కింటికి కూడా పంపిస్తాం. అదే మన కోడలు ప్రసవిస్తే, ఆ పసుప్పచ్చని చిక్కటిపాలు పాపకి పడవని పిండి పారబోయించిన ఇళ్ళు ఎన్నో! కాన్పుకి ముందే తల్లి తన రక్తంలోని ప్రతిరక్షకాలను మాయ ద్వారా బిడ్డకి సారె పెట్టి పంపుతుంది. పుట్టాక ముర్రుపాలలో మరో రకం ప్రతిరక్షకాలు పోసి బిడ్డ పేగులకి పూత పూస్తుంది. పుట్టింటి సారె లాంటిదే ఇదీ. కొన్నాళ్ళే వస్తుంది. ఆ తరవాత బిడ్డ తన సంసారం తాను చక్కబెట్టుకోవాలి. అందుకే కొన్ని టీకాలు తల్లి ఇచ్చిన సారె తరిగేవేళకి వేస్తారు. ఈ నాలుగు మాటలూ ఇమ్యునాలజీ పుస్తకంలో నాలుగు అధ్యాయాలు.

మరి ఈ పుస్తకాలు మన వాళ్ళు ఏ భాషలో చదివారు? ఇక్కడే మన ప్రాంతపు చరిత్ర రసవత్తరంగా వుంటుంది. హైదరాబాదులో నిజాం ప్రభుత్వం 1846లో వైద్య పాఠశాల పెట్టింది. పాఠం ఉర్దూలో. పాసైనవాళ్ళకి హకీమ్ అని పట్టా. తరవాత కొంతకాలానికి ఇంగ్లీషు వచ్చింది. డాక్టర్ ఎడ్వర్డ్ లారీ అక్కడ పెద్దగా వుండగా, 1885లో ఐదుగురు ఆడపిల్లలు చేరారు. వారిలో రూపాబాయి ఫర్దూన్‌జీ 1889లో పట్టా పుచ్చుకుని, క్లోరోఫారం ఇవ్వడంలో ఆరితేరి, ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా పేరు తెచ్చుకున్నారు. ఆ రోజుల్లో ఇమ్యునాలజీ అని వేరే శాస్త్రమే లేదు. ఆవిడ పట్టా పుచ్చుకున్న మరుసటేడు, 1890లో, బెర్లిన్‌లో బేరింగూ, కిటసాటో అనే జపాను శాస్త్రవేత్తా కలిసి, కంఠసర్పికీ ధనుర్వాతానికీ విరుగుడు రక్తరసంలోనే తయారవుతుందని తేల్చారు. శాస్త్రం అక్కడ కళ్ళు తెరిచింది.

1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా అని అనువాదశాల పెట్టారు. మరుసటేడు ఉస్మానియా విశ్వవిద్యాలయం వచ్చింది. లెక్కలూ, చరిత్రా, ఇంజనీరింగూ, వైద్యం అన్నీ ఉర్దూలోనే చెప్పాలని పట్టుదల. పండితులు కూర్చుని ఒక్కొక్క ఇంగ్లీషు మాటకీ ఉర్దూమాట పుట్టించారు. దేశభాషలో ఆధునిక వైద్యం చెప్పడమన్నది చిన్న సాహసమేం కాదు. మెచ్చుకోవలసిందే. కానీ ఒక చిక్కుంది. నాగర్‌కర్నూలు నుంచో గద్వాల నుంచో వెళ్ళిన కుర్రవాడు ఉర్దూలో డాక్టరై తిరిగివస్తే, అతని ముందు కూర్చున్న తల్లి తెలుగుతల్లి. ఆవిడకి 'ఖువ్వతె ముదాఫియత్' అంటే ఏం తెలుస్తుంది? 1948లో నిజాం పాలన పోయింది, ఉర్దూ పోయి మళ్ళీ ఇంగ్లీషొచ్చింది. డాక్టరు పుస్తకం మూడుసార్లు భాష మార్చుకుంది గానీ, ఎదురుగా కూర్చున్న తల్లి భాష మారలేదు.

తెలుగులో ప్రయత్నం జరగలేదా అంటే జరిగింది. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు నెలకొల్పిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పుణ్యమా అని తెలుగులో శాస్త్రగ్రంథాలు వరసగా వచ్చాయి. ఆచంట లక్ష్మీపతిగారు 'అంటువ్యాధులు' అన్న పేరుతోనే ఒక పుస్తకం రాశారు. వారి భార్య రుక్మిణీ లక్ష్మీపతిగారు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళిన మనిషి. 1946లో మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్యశాఖ మంత్రి అయ్యారు. భర్త పుస్తకంలో చెప్పిన ఆరోగ్యం, భార్య ప్రభుత్వంలో చూసుకున్నారు. కాపురమంటే అలా వుండాలి!

తరవాత 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావుగారే దానికి తొలి అధ్యక్షులు. ఇంటర్‌కీ డిగ్రీకీ తెలుగులో పుస్తకాలు వచ్చాయి. జంతుశాస్త్రం చదివినవాళ్ళకి ఆ మాటలు గుర్తుండేవుంటాయి. యాంటిజెన్ ప్రతిజనకమైంది, యాంటీబాడీ ప్రతిరక్షకమైంది, ఇమ్యునిటీ అసంక్రామ్యత అయింది. ఇందులో ప్రతిరక్షకం బంగారంలాంటి మాట. వినగానే రక్షించేది అని తెలిసిపోతుంది. అసంక్రామ్యత మాత్రం పలకడానికే కొంచెం రోగనిరోధకశక్తి కావాలి. ఏమైనా ఆ పుస్తకాలు డిగ్రీ దాకా వచ్చి ఆగిపోయాయి. ఎం.బి.బి.ఎస్. గుమ్మం మాత్రం దాటలేదు.

ఇక వనపర్తి వాటా సంగతి. వనపర్తి సంస్థానం చివరి రాజా జె. రామేశ్వరరావుగారు. సంస్థానం పోయాక ఆయన గతవైభవం తలుచుకుంటూ కూర్చోలేదు. ఆఫ్రికాలో భారత ప్రభుత్వం తరఫున దౌత్యోద్యోగం చేశారు. మహబూబ్‌నగర్ నుంచి లోక్‌సభకి వెళ్ళారు. వనపర్తి రాజప్రాసాదంలో పాలిటెక్నిక్ వెలిసింది. రాజులు కొలువుతీరిన చోట కుర్రాళ్ళు ఇంజనీరింగు డ్రాయింగులు గీశారు. అంతటితో ఆగకుండా ఆయన పుస్తకాల వ్యాపారంలోకి దిగారు. 1724లో లండనులో పుట్టిన లాంగ్‌మన్ సంస్థకి ఇక్కడి వారసురాలు ఓరియంట్ లాంగ్‌మన్. 1948లో ఆ పేరుతో మనదేశంలో మొదలైంది. తరవాతి కాలంలో దాని పగ్గాలు వనపర్తివారి చేతికొచ్చాయి. హైదరాబాదు హిమాయత్‌నగర్ దాని చిరునామా అయింది. 2008లో ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అని పేరు మార్చుకుంది. రాజావారి భార్య శాంతా రామేశ్వరరావుగారు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాల స్థాపించారు, పిల్లలకోసం పుస్తకాలు రాశారు. పూర్వం సంస్థానాలు కవులకి కృతి పుచ్చుకుని అగ్రహారాలిచ్చాయి. ఈ సంస్థానం అచ్చుయంత్రం పెట్టి ఊరూరా పుస్తకాలిచ్చింది. ఏ దానం గొప్పదో మీరే చెప్పండి.

ఆ ఓరియంట్ లాంగ్‌మన్ 1978లో ఒక పుస్తకం వేసింది. 'టెక్స్ట్‌బుక్ ఆఫ్ మైక్రోబయాలజీ.' రాసినవారు ఆర్. అనంతనారాయణన్, సి.కె. జయరాం పణిక్కర్. కేరళలో కాలికట్ వైద్య కళాశాలలో పాఠాలు చెప్పిన ఆచార్యులు. పిల్లలకి ఆ పుస్తకం అసలు పేరు ఎప్పుడూ పట్టలేదు. 'అనంతనారాయణన్' అంటే చాలు. "అనంతనారాయణన్ ఎక్కడే?" అని ఒక పిల్ల అడిగితే, "మంచం కింద వున్నాడు" అని ఇంకో పిల్ల హాస్టల్లో జవాబు చెప్పుకునేంత చనువు! సూక్ష్మజీవుల పుస్తకమే అయినా అందులో ఇమ్యునాలజీ ఒక పూర్తి భాగం. మనదేశంలో ఎన్నో తరాల డాక్టర్లకి రోగనిరోధకశక్తి అంటే ఏమిటో మొదట చెప్పింది ఆ భాగమే. సొంత వాక్యాలతో, మన రోగాలతో, మన పరీక్షల కొలతకి కుట్టిన పుస్తకం అది. అచ్చమైన నూలుచీర.

ఇంకో మాట చెబితే మీరు సంతోషిస్తారు. పెద్దవాళ్ళిద్దరి పేర్లూ అట్టమీద అలాగే వున్నాయి. కానీ 2013లో వచ్చిన తొమ్మిదో ముద్రణని సంస్కరించింది ఆర్తీ కపిల్‌గారు. 2017లో పదో ముద్రణని సంస్కరించింది రెబా కానుంగోగారు. ఇద్దరూ స్త్రీలే. అత్తవారింటి పేరు నిలబెడుతూ ఇల్లంతా కొత్తగా సర్దుకున్న కోడళ్ళన్నమాట.

సర్దుకోకపోతే ఏమయ్యేదో చూడండి. 1978 నాటి తొలి ముద్రణలో ఎయిడ్స్ లేదు. వుండే వీలే లేదు. ఆ జబ్బు లోకానికి తెలిసింది 1981లో. రోగనిరోధక కణాన్నే పట్టుకుని తినేసే వైరస్ అని తేలాక, ప్రపంచమంతా ఇమ్యునాలజీ పుస్తకాలు తిరగరాసుకున్నారు. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో సునీతి సోలొమన్‌గారూ, ఆవిడ శిష్యురాలు నిర్మలగారూ రక్తపరీక్షలు చేసి ఆ వైరస్ మనదేశానికీ వచ్చిందని బయటపెట్టారు. ఆ ఏడు ఆ సంగతి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనిదాన్ని వెతికే ధైర్యం కూడా ఒక చదువే.

సీమపట్టు పుస్తకాలూ వున్నాయి. 1971లో ఇంగ్లండు నుంచి ఐవాన్ రాయిట్‌గారి 'ఎసెన్షియల్ ఇమ్యునాలజీ' వచ్చింది. చిన్న పుస్తకం, చక్కటి బొమ్మలు, మధ్యమధ్య చమత్కారం. 1992లో అమెరికా నుంచి జానిస్ కూబీ పుస్తకం వచ్చింది. ఆవిడ శాన్‌ఫ్రాన్సిస్కోలో పాఠం చెప్పే పంతులమ్మ. ఒక సంగతి ఎలా తెలిసిందో, ఏ ప్రయోగంలో తెలిసిందో కథలా చెప్పుకుపోయింది. ఆవిడ పోయాక ఇతరులు ఆ పుస్తకాన్ని కొనసాగిస్తూ, ఆవిడ పేరునే పుస్తకం పేరు చేశారు. 'కూబీ ఇమ్యునాలజీ' అంటే ఇప్పటికీ చెల్లుబాటే. 1994లో చార్లెస్ జేన్‌వే పుస్తకం వచ్చింది. మహా గ్రంథం. చేతిలోకి తీసుకుంటే రోలు ఎత్తినంత పని. అబ్బాస్‌గారి పుస్తకాలు రెండు సైజుల్లో దొరుకుతాయి, పెద్దదీ చిన్నదీ. జేన్‌వే, కూబీ పరిశోధనకి వెళ్ళేవాళ్ళకి పెళ్ళిపట్టుచీరలు. అందమే, కాదనం. రోజూ కట్టుకుని వంట చేస్తామా?

2016లో అపూర్వ శంకర్ శాస్త్రి, సంధ్యా భట్‌గార్ల మైక్రోబయాలజీ పుస్తకం వచ్చింది. అంతా పాయింట్లు, పట్టికలు, రంగుల పెట్టెలు. 2019లో వైద్యవిద్య పాఠ్యక్రమం మారి, 'ఈ పని చెయ్యగలగాలి, ఈ సంగతి వివరించగలగాలి' అని జాబితాలు వచ్చాక ఇలాంటి పుస్తకాల గిరాకీ పెరిగింది. పరీక్ష ముందురోజు రాత్రికి అవి వరమే. అయితే పాయింటుకీ పాయింటుకీ మధ్య వుండే 'ఎందుకంటే' అన్న మాట అక్కడ జారిపోయే ప్రమాదముంది. ఇమ్యునాలజీ అంతా ఆ 'ఎందుకంటే'లోనే వుంది మరి!

ఒక్క ఉదాహరణ. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని మనం విన్నవాళ్ళం, కొందరం పొడిపించుకున్నవాళ్ళం కూడా. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ దొర తయారుచేసిన పద్ధతి అది. వైరస్‌ని గొర్రెమెదడులో పెంచి, చంపి, ఆ మెదడుతో సహా మందుగా ఎక్కించేవారు. అది ఎన్నో ప్రాణాలు కాపాడింది. కానీ కొందరికి మందు వల్లనే కాళ్ళు పడిపోయేవి. ఎందుకని? గొర్రెమెదడులోని పదార్థాలు మన నరాల పైపొరలో వుండేవాటిలాగే వుంటాయి. పోలికలు చూసి కానిస్టేబులు అసలు దొంగతోబాటు ఇంటాయన్నీ పట్టుకున్నట్టు, ఒంట్లోని సైన్యం సొంత నరాల మీదే పడేది. ఈ 'ఎందుకంటే' తెలిసింది గనకే కొత్త టీకాలు వచ్చాయి. 2004 చివరికి మనదేశంలో ఆ పాత మందు తయారీ ఆపేశారు. ఇప్పుడు చేతికి నాలుగైదు ఇంజెక్షన్లతో సరి. 'పద్నాలుగు' అని బట్టీపట్టిన డాక్టరుకి ఆ అంకె పోగానే చదువూ పోతుంది. 'ఎందుకంటే' చదివిన డాక్టరుకి ఏదీ పోదు.

ఇక ఎంపిక సంగతికొద్దాం. మన ఇంటి పిల్ల రెండో ఏడులో మైక్రోబయాలజీకి వస్తుంది. అప్పుడు పుస్తకం కొనేముందు చూసుకోవలసినవి నాలుగే. ఒకటి, అట్ట తిప్పి ముద్రణ ఏడు చూడాలి. అక్కయ్య వాడిన పుస్తకం ఎంత ముద్దుగా అట్టవేసి వున్నా, కొవిడ్‌కి ముందుదైతే పక్కన ఇంకోటి వుండాల్సిందే. 2023లో కరికో, వైస్‌మన్‌లకి నోబెల్ బహుమతి తెచ్చిన ఎం-ఆర్.ఎన్.ఏ. టీకాల విద్య పాత పుస్తకాల్లో ఎక్కడుంటుంది? రెండు, ఒక అధ్యాయం మధ్యలో తెరిచి ఒక పేజీ చదవాలి. అర్థమైతే ఆ పుస్తకం మనది. కాకపోతే అది ఎంత గొప్పవారిదైనా మనది కాదు. మూడు, ఒక పుస్తకాన్ని కాపురంలా పెట్టుకుని, మిగతావాటిని చుట్టాల్లా చూడాలి. చుట్టాల్ని లైబ్రరీలో కలుసుకోవచ్చు, అందర్నీ ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. కొత్త కళాశాలల్లో లైబ్రరీ బీరువాలు నిండడానికి టైము పడుతుంది గనక, నలుగురు పిల్లలు నాలుగు పుస్తకాలు కొని మార్చుకుంటే ఇంకా మేలు.

నాలుగోదే అసలుది. చదివిన పాఠాన్ని సాయంత్రం తెలుగులో చెప్పి చూడాలి. ఎవరికి? అమ్మకి ఫోనులో. లేకపోతే హాస్టల్లో వంటచేసే అమ్మకి. "పిల్లకి టీకా వేస్తే జ్వరమెందుకొస్తుంది?" అని ఆవిడ అడుగుతుంది. దానికి పది మాటల్లో జవాబు రాకపోతే, ఆ అధ్యాయం మళ్ళీ మొదటికే వచ్చిందన్నమాట. ఒంట్లోని కాపలావాళ్ళు లేచి కేకలు వేసుకుంటున్నారు, ఆ సందడే జ్వరం, రేపటికి సర్దుకుంటుంది అని చెప్పగలిగితే పాఠం వచ్చేసినట్టే.

ఇదేదో ముచ్చటకి చెప్పిన మాట కాదు. మొదటి టీకాకి జ్వరం వచ్చిందని భయపడి రెండో టీకాకి పిల్లని తీసుకురాని తల్లులు ఇప్పటికీ వున్నారు. ఆ తల్లి మొండిది కాదు, మూర్ఖురాలూ కాదు. ఆవిడకి ఎవరూ చెప్పలేదు, అంతే. చెప్పవలసిన మనిషికి పుస్తకమంతా ఇంగ్లీషులో వచ్చు, ఆ ఒక్క వాక్యం తెలుగులో రాదు. ఆ వాక్యం లేకపోవడం వల్ల కోరింతదగ్గూ కంఠసర్పీ తట్టూ వెనక్కి తిరిగి వస్తాయి. ఇదే హైదరాబాదు నుంచి 1997లో శాంతా బయోటెక్నిక్స్ వారి హెపటైటిస్-బి టీకా వచ్చింది. 2021లో భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ వచ్చింది. మందు మన గడపలోనే తయారవుతోంది. మాటే ఇంకా గడప దాటాలి.

2022 అక్టోబరులో, అంటే మన ఎనిమిది కళాశాలలు తెరుచుకోవడానికి ఒక నెల ముందు, మధ్యప్రదేశ్‌లో ఎం.బి.బి.ఎస్. మొదటి ఏడు పుస్తకాలు హిందీలో విడుదల చేశారు. తెలుగులోనూ అలా రావాలని కొందరంటారు, వస్తే పిల్లలు పై చదువులకి ఎలా వెళ్తారని కొందరంటారు. దారుల్ తర్జుమా కథ తెలిసినవాళ్ళం మనం తొందరపడక్కర్లేదు. భాష మార్చడంతోనే పని అయిపోదని ఆ కథ చెబుతోంది. ఇంగ్లీషు పుస్తకం అలాగే వుండనివ్వండి. దాని పక్కన తెలుగులో ఒక పల్చటి పుస్తకం వుండాలి. ప్రతి అధ్యాయానికీ ఒక పేజీ, తల్లితో చెప్పవలసిన మాటలు. అనువాదం అక్కర్లేదు, తాత్పర్యం చాలు. గద్వాలలో, వనపర్తిలో, నాగర్‌కర్నూలులో పాఠం చెప్పే డాక్టరమ్మలూ డాక్టర్లూ కూర్చుంటే ఆ పని ఎంతసేపు? అచ్చు వెయ్యడానికి ఈ సీమలో ఒక సంస్థానమే దారి చూపించి పెట్టింది.

గోల్కొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డిగారు గద్వాల ప్రాంతంలో పుట్టినవారే, 1952లో వనపర్తి నుంచి శాసనసభకి వెళ్ళినవారే. తెలంగాణాలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, ఆయన వాదానికి దిగలేదు. మూడొందల యాభైనాలుగు మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చువేశారు. వైద్యం తెలుగులో చెప్పలేమనే వాళ్ళకీ జవాబు అలాగే చెప్పాలి.

అమ్మాయి ఏ పుస్తకం కొనుక్కోవాలో అమ్మాయే తేల్చుకుంటుంది. అనంతనారాయణన్ అయినా సరే, శాస్త్రిగారైనా సరే. మనం ఇంటి దగ్గర చెయ్యవలసింది మాత్రం ఒకటుంది. సెలవులకి వచ్చినప్పుడు, కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుని, "ఏదీ, నువ్వు చదివింది నాకు చెప్పు" అని అడగాలి. సూది వెయ్యడం కాలేజీలో నేర్పుతారు. తాత్పర్యం చెప్పించుకోవలసింది మనమే.